పొయ్యి బుట్ట

కొట్టు వెనక గది నుంచి
మార్చి 9

అయ్యా,

నవ్వకండి. అయిదో తరగతితో చదువు ఆగిన నాకు బడిలో నేర్పిన ఉత్తరం ఒక్కటే, సెలవు చీటీ. అది 'అయ్యా' అని మొదలై 'ఇప్పించ ప్రార్థన' అని ముగుస్తుంది. పెళ్ళయిన ఇరవై రెండో రోజున ఉద్యోగానికి వెళ్ళిపోయిన మనిషికి ఏమని రాయాలో ఏ పంతులమ్మా చెప్పలేదు. మీ పేరు రాయలేను. 'ఏమండీ' అని రాస్తే మీరు వెనక్కి తిరిగి చూడరు కదా.

ఫోన్‌లో మాట్లాడమంటారు. ఫోను తూకం పక్కన ఉంటుంది. తూకం పక్కన అత్తయ్య ఉంటారు. అత్తయ్య ముందు పళ్ళు కొనేవాళ్ళు ఉంటారు. అంతమందిలో నేనేం మాట్లాడను? ఊ అంటాను, సరే అంటాను. అందుకే ఈ ఉత్తరం వ్యాన్ డ్రైవరన్నతో పంపుతున్నాను. ఖాళీ పెట్టెలు ఎక్కించుకునేలోగా రాసిస్తే మీ చేతికే ఇస్తానన్నాడు. నిన్నటి నుంచీ రాస్తూనే ఉన్నాను.

మీరు పంపిన ఎనిమిది పెట్టెలూ చేరాయి. వాటి మీద 'ఓడ తప్పినవి' అని మీ చేతిరాత చూశాను. ఓడ ఎక్కాల్సిన పళ్ళు ఆలస్యమై మెత్తబడితే మీ కోల్డ్ స్టోరేజీ వాళ్ళు పారబోస్తారట కదా. చూడలేక మీరు అడిగి ఇక్కడికి పంపిస్తున్నారని అత్తయ్య చెప్పారు. మంచి పనే. కానీ ఆ పెట్టెలు దిగిన దగ్గర్నుంచీ నాకు కాలు నిలవడం లేదు.

అత్తయ్య మూడు బుట్టలు పెడతారు. ఈ పూట తినాల్సినవి ఒకదాంట్లో, రేపటికి ఆగేవి ఇంకోదాంట్లో. ఇక అమ్మడానికి పనికిరానివి మూడో దాంట్లో వేస్తారు. దాన్ని పొయ్యి బుట్ట అంటారు. అది నాది. దెబ్బ తగిలిన చోట కోసేసి, గట్టి ముక్కలు డాబా మీద ఎండకి పరుస్తాను, మెత్తవి చక్కెర వేసి జామ్ ఉడకబెట్టి సీసాల్లో పోస్తాను. ద్రాక్ష కడుగుతుంటే బొప్పాయి కారిపోతుంది. బొప్పాయి కోస్తుంటే అరటిపళ్ళ మీద నల్ల మచ్చలు పొద్దుటి కన్నా పెరిగి ఉంటాయి. అన్నం తినేటప్పుడు కూడా ఎక్కడో ఏదో చెడిపోతోందని మెడ తిప్పి చూస్తాను. మొన్న అత్తయ్య, "అవి ఎక్కడికీ పారిపోవులేవే, కూర్చుని తిను" అన్నారు. పారిపోతే బాగుండును.

అత్తయ్య నాకు పని నేర్పుతున్నారు. పండు తొడిమ నా ముక్కు దగ్గర పెట్టి "ఏమంటోంది?" అని అడుగుతారు. నాకు చెమటలు పడతాయి. ఎక్కాలు అప్పజెప్పమని నిలబెట్టినట్టే ఉంటుంది. తప్పు చెప్తానేమోనని "మీరే చెప్పాలత్తయ్యా" అంటాను. "నిన్నడిగితే నన్నడుగుతావేంటే" అని విసుక్కుంటారు.

మూడు నెలల్లో తీసుకెళ్తానన్నారు. గది దొరికిందా? తొందరేం లేదు. ఊరికే అడిగాను.

ఇట్లు
తమ విధేయురాలు
(ఇదీ సెలవు చీటీదే.)


రేవు, కోల్డ్ స్టోరేజీ, మూడో గేటు
ఏప్రిల్ 2

'ఊ, సరే' గారికి,

మీ సెలవు మంజూరు చేయడమైనది.

వెనక్కి తిరిగి చూడనని ఎవరు చెప్పారు నీకు? ఉత్తరం చదువుతూ మూడుసార్లు చూశాను. వెనక ఆపిల్ పెట్టెలు తప్ప ఎవరూ లేరు. పెళ్ళయిన మూడు వారాల్లో నీ నోట నేను విన్న మాటలన్నీ కలిపినా ఆ ఉత్తరంలో ఒక పేజీకి రావు. డ్రైవరన్న రాకపోకలు ఆగకూడదని ఇప్పుడు నేనే అందరికన్నా ఎక్కువ కోరుకుంటున్నాను.

ఇక్కడ లోపల ఎముకలు కొరికే చలి, గేటు దాటితే నిప్పులు. రోజుకి ఇరవైసార్లు స్వెట్టర్ వేసుకోవడం, తీయడం, అదే సగం ఉద్యోగం. గదిలో నలుగురం. అందులో ఒకాయన పడుకుని లారీ నడుపుతాడు, గురకలోనే గేర్లు మారుస్తాడు. నిన్ను ఇక్కడికి ఎలా తేను? వేరే గది కోసం వెతుకుతూనే ఉన్నాను.

అమ్మ ఎలా ఉంది? బాగుంది అని రాయకు. ఎలా ఉందో రాయి. పొయ్యి దగ్గర తనుంటోందా, నువ్వుంటున్నావా? అమ్మ మాట నేను నమ్మను. కాలు విరిగినా కాస్త బెణికిందంటుంది. నీ మాటే నాకు లెక్క. తన వల్ల కావడం లేదని నీకు ఎప్పుడు అనిపించినా ఒక్క ముక్క రాయి చాలు. వచ్చి కొట్టుకి తాళం వేసి ఇద్దర్నీ తెచ్చేసుకుంటాను.

ఈసారి ఖర్బూజాలు, అంజీరలు వస్తాయి. అంజీరలు ఒక్క రోజు కూడా ఆగవు. ముందు వాటి సంగతి చూడు.

ఇట్లు
ఏమండీ


కొట్టు వెనక గది నుంచి
ఏప్రిల్ 30

ఏమండీ,

బాగున్నాం. అత్తయ్య బాగున్నారు. కొట్టు బాగుంది. పొయ్యి దగ్గర ఎక్కువగా నేనే ఉంటున్నాను.

ఈసారి పెట్టెలు తగ్గించి పంపండి. కుదిరితే కొన్నాళ్ళు పంపకండి. వద్దు, పంపండి. పంపకపోతే ఎందుకు పంపలేదని అత్తయ్య అడుగుతారు. ద్రాక్ష మాత్రం వద్దు.

వారం వారం మన జామ్ కొనే హాస్టల్ వంటావిడ ఈ వారం సీసాలు తీసుకోలేదు. పిల్లలకి సెలవులు కాబోలు.

మీ దగ్గర పెద్ద మందుల షాపులు ఉంటాయి కదా. వాసన సరిగ్గా తెలియని వాళ్ళకి మందేమైనా ఉంటుందేమో అడుగుతారా? నాకు కాదు. ఎవరికీ కాదు. కొట్టుకి వచ్చినావిడ ఎవరో అడిగారు.

డ్రైవరన్న హారన్ కొడుతున్నాడు. అంతా బాగానే ఉంది.


రేవు నుంచి
మే 11

నీకు,

అంతా బాగానే ఉందని రాశావు. డ్రైవరన్న వేరేలా చెప్పాడు.

హాస్టల్ వంటావిడ పన్నెండు సీసాలు తట్టలో పెట్టుకొచ్చి, కొట్టు గుమ్మంలో దించి, వీధి చివర దాకా వినపడేలా అరిచిందట. మూత తీస్తే నురగ కక్కిందట. "పిల్లల రొట్టె మీద రాసుంటే ఈపాటికి నా ఉద్యోగం ఊడేది" అందట. అమ్మ తనే ఒంగి ఆ తట్ట లోపలికి లాక్కుందట. అమ్మ! ఇరవై ఏళ్ళలో ఒక్క కుళ్ళు పండు చేతికిచ్చిందని పేరు పడని మనిషి. వీధిలో అందరికీ తెలుసు, డ్రైవరుకి తెలుసు, నాకు తెలియదు. హాస్టలుకి సెలవులు లేవని కూడా అతనే చెప్పాడు.

నీ మాటే నాకు లెక్క అని రాశాను. నువ్వు రాసింది చూశావా?

గది దొరికింది. రెండు కిటికీలు, వెనక వరండా, ముగ్గురికి సరిపోతుంది. జూన్ ఒకటో తారీఖున వస్తాను. తాళం కొన్నాను. సామాను సర్దడం మొదలుపెట్టు. అమ్మకి నేనొచ్చి చెప్తాను. నీకు కావాల్సిందీ అదేగా.


కొట్టు వెనక గది నుంచి
మే 14

ఏమండీ,

అబద్ధం రాశాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను. ఉత్తరం పొడుగైతే ఓపిక పట్టండి.

ఆ సీసాల జామ్ చేసిన వారం ఆరు పెట్టెల ద్రాక్ష వచ్చింది. కడిగి పెద్ద గిన్నెలో పోసి, అత్తయ్య స్వయంగా మూత పెట్టారు. "రెండు రోజులు ఆగుతాయి, నువ్వు ముందు బొప్పాయి పని చూడు" అన్నారు. మూడో రోజు మూత తీస్తే ముక్కు పుటాలు మండాయి. పులిసిన వాసన. పైన చిన్న చిన్న బుడగలు. అత్తయ్య గరిటెడు తీసి నా ముక్కు కింద పెట్టారు.

"ఏమంటోంది?"

నాకు తెలుసు. బాగా తెలుసు. కానీ ఆగుతాయన్నది అత్తయ్య, మూత పెట్టింది అత్తయ్య. ఇంతేళ్ళ అనుభవం ఉన్న మనిషికి తెలియకుండా ఉంటుందా, ఇందులో ఏదో మెలిక ఉంది, నన్ను పరీక్షిస్తున్నారు అనుకున్నాను. చెడిపోయిందంటే ఆవిడ పని తప్పుపట్టినట్టు కూడా అవుతుంది. 

"బాగానే ఉందత్తయ్యా."

"నిజంగానా?"

"బాగానే ఉంది."

చక్కెర పోశారు. ఉడికాక నాలిక మీద వేసుకుని "తియ్యగానే ఉంది" అన్నారు. అంత చక్కెరలో ఏదైనా తియ్యగానే ఉంటుంది. నేను చూస్తూ నిలబడ్డాను. పన్నెండు సీసాలకీ మూతలు పెట్టింది నేనే.

వంటావిడ అరిచి వెళ్ళాక అత్తయ్య లోపలికొచ్చి పొయ్యి బుట్ట ముందు కూర్చున్నారు.

"పిల్లా, ఆ రోజు నీకు వాసన తెలిసిందా, తెలియలేదా?"

నేను బుట్టలోని పళ్ళు అటూ ఇటూ సర్దాను.

"నీకు పరీక్ష పెడుతున్నాననుకున్నావా?"

"అవునత్తయ్యా."

"పరీక్ష కాదే. అడుక్కుంటున్నాను."

పోయిన చలికాలం జ్వరం వచ్చి తగ్గాక వాసన పోయిందట. పువ్వూ ఒకటే, పేడా ఒకటే. వేళ్ళతో నొక్కి, రంగు చూసి, తూకం చూసి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. ఖర్బూజా దగ్గర మాత్రం వేళ్ళు పనికిరావు. అందుకే ప్రతి పండూ నా ముక్కు దగ్గరికి తెచ్చారు. ఆవిడ అడిగినప్పుడల్లా నేను మీరే చెప్పాలత్తయ్యా అన్నాను. ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఇది మీకు ఎందుకు రాయలేదో కూడా చెప్పాలి. ఒక్క ముక్క రాయి చాలు, తాళం వేసి తెచ్చేసుకుంటానన్నారు. ఆ ఒక్క ముక్కా రాస్తే నేను మీ దగ్గరుంటాను. ఎన్నిసార్లు కాగితం తీసినా, అత్తయ్య కోసం రాస్తున్నానో నా కోసం రాస్తున్నానో నాకే తేలలేదు. అందుకని బాగానే ఉందని రాశాను. ద్రాక్ష దగ్గరా అదే మాటన్నాను. నాకు ఆ ఒక్క మాటే వచ్చేమో. 'నీకు కావాల్సిందీ అదేగా' అని రాశారు. ఆ మాట వెనక్కి తీసుకోండి. కావాల్సిందే కాబట్టి అంత గుచ్చుకుంది.

ఆ గొడవయ్యాక రెండు రోజులు కొట్టు తీయలేదు. అత్తయ్య తూకం రాళ్ళు తుడిచారు. అరలో పెట్టి, మళ్ళీ తీసి తుడిచారు. తలుపు సందులోంచి ఎవరైనా పిలుస్తారేమోనని చూశారు. అలా చేతులూరికే ఉన్న అత్తయ్యని నేనెప్పుడూ చూడలేదు. మీ గదికి రెండు కిటికీలున్నా ఆవిడ అక్కడ ఏం చేస్తారు?

తాళం తేవద్దు.


రేవు నుంచి
మే 19

నీకు ఏమని రాయాలో ఈసారి నాకు తెలియడం లేదు.

అమ్మకి వాసన తెలియదని నాకు తెలుసు. జ్వరం తగ్గిన నెలకే తెలుసు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. 'తెలిస్తే రేపటి నుంచి ఒక్కళ్ళు కూడా కొట్టు మెట్టెక్కరు' అంది. నీకూ చెప్పొద్దంది. 'నేనే మెల్లగా చెప్పుకుంటాను, కొత్తపిల్ల, బెదిరిపోతుంది' అంది. అందుకే అమ్మ ఎలా ఉంది, పొయ్యి దగ్గర ఎవరున్నారు అని చుట్టూ తిప్పి అడిగాను.

పొయ్యి మాట ఎందుకంటే, మన పెళ్ళికి ముందు ఒక రోజు నేను కొట్టు ముందు బస్తాలు దించుతున్నాను. లోపల పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ వస్తూనే ఉంది. వీధిలోకి వాసన వచ్చి నేను పరిగెత్తుకెళ్తే, అమ్మ అదే గదిలో పీట మీద కూర్చుని నారింజ తొనలు వలుస్తోంది. 'ఏంట్రా ఆ పరుగు?' అని అడిగింది. పక్కన అగ్గిపెట్టె ఉంది. 

నిన్ను అక్కడ వదిలి రాగలిగింది, ఇంట్లో వాసన తెలిసిన మనిషి ఉంటుందనే. అది నీతో చెప్పి వదలాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే. 'నీకు కావాల్సిందీ అదేగా' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ కొట్టు మూయడం తప్పు కాదు. జామ్ పోతే పోయింది. మంటకి ఏం సమాధానం చెప్తావు? ఒకటో తారీఖున వస్తున్నాను.


కొట్టు వెనక వరండా నుంచి
మే 28

ఏమండీ,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు మీ మీద కోపంతో అంట్లు తోమాను. ఒక గిన్నె సొట్ట పోయింది. మీకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. తెలియనిదాన్ని నేనొక్కదాన్నే, పుస్తకమే లేని పరీక్షకి రోజూ కూర్చున్నాను. మొదటి రోజే చెప్పి ఉంటే ఆ ద్రాక్ష పారబోసేదాన్ని. కోపం పూర్తిగా పోయిందని రాయను. కొంత మీరొచ్చాక మీ ఎదురుగా చూపించడానికి ఉంచాను. నోరు తిరుగుతుందో లేదో చూడాలి.

తర్వాత భయం వేసింది. ఆ గ్యాస్ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. అత్తయ్యని అడిగితే "ఆ ఒక్కసారేలే" అన్నారు. "రెండోసారి ఉండదత్తయ్యా, ఒక్కసారికే అయిపోతుంది" అన్నాను. అలా ఎదురు చెప్పడం అదే మొదలు. ఆవిడ నన్నోసారి పైనుంచి కిందికి చూసి, "అయితే ఏం చేద్దామంటావ్?" అన్నారు.

పొయ్యిని గదిలోంచి తీసి వెనక వరండాలో పెట్టాం. మూడు వైపులా గాలే. సిలిండర్ తిప్పేది నేనే, ఆపేది నేనే. నేను నీళ్ళకి వెళ్ళినా ఆపి వెళ్తాను. అత్తయ్య ముక్కలు కోస్తారు, కలుపుతారు, పాకం చూస్తారు. పాకం ఆవిడ చూసినట్టు నాకు రాదు. అగ్గిపెట్టె నా కొంగున ముడేసుకున్నాను. పక్కింటావిడ అది చూసి "ఇంటి తాళాలేనా?" అని అడిగింది. అలాంటివే అన్నాను.

హాస్టలుకి కూడా వెళ్ళాం. వెళ్దామన్నది నేను. దారంతా వెనక్కి తిరిగిపోదామనే అనిపించింది. వంటగదిలో మనిషంత గిన్నెలు, ఆవిరి, అయిదుగురు ఆడవాళ్ళు కూరగాయలు తరుగుతున్నారు. వంటావిడ అత్తయ్యని చూసి "మళ్ళీ ఏం తెచ్చావ్, మందుగుండా?" అంది. అందరూ నవ్వారు. అత్తయ్య నోరు తెరిచేలోగా నేను, "తప్పు మా అత్తయ్యది కాదండీ, నాది. చెడిపోయిందని వాసన తెలిసి కూడా బాగుందన్నాను" అనేశాను. తరిగేవాళ్ళ కత్తులు ఆగిపోయాయి.

వంటావిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఎందుకన్నావమ్మా అలా?" అంది.

"అత్తగారికి ఎదురు చెప్పడానికి భయమేసింది."

"అత్తగారంటే ఉన్న భయం నా అరవై మంది పిల్లలంటే లేదా?"

 "ఆ రోజు లేదండీ" అన్నాను. ఆవిడ ముక్కుతో ఒక నవ్వు నవ్వి, "సరే. ఈసారి నువ్వే వండు, నువ్వే తీసుకురా, ప్రతి సీసాలోంచీ నా కళ్ళముందు ఒక చెంచా నువ్వే తిను. అప్పుడు చూద్దాం" అంది. మొన్న ఆరు సీసాలు పట్టుకెళ్ళి ఆరు చెంచాలు తిన్నాను. ఇంటికొచ్చాక రోజంతా నీళ్ళు తప్ప ఏం దిగలేదు. ఆరూ తీసుకుంది.

ఇప్పుడు కొట్లో ఖర్బూజా ఎవరడిగినా అత్తయ్య వాళ్ళెదురుగానే నాకిస్తారు. "మా కోడలు చూసి చెప్తుంది, నాకు ముక్కు పనిచేయదు" అంటారు. మొదటిసారి అన్నప్పుడు కొనేవాళ్ళలో ఒకాయన "మా ఇంట్లో నాకు చెవులు పనిచేయవు, హాయిగా ఉంటుంది" అని ఖర్బూజా పుచ్చుకుని వెళ్ళిపోయాడు. మెట్టెక్కడం ఎవరూ మానలేదు. ఇద్దరు మానారు. వాళ్ళ సంగతి కూడా దాచను.

నిన్న అంజీరల పెట్టె తెరిస్తే సగం పోయాయి. అత్తయ్య పొయ్యి బుట్టలోకి వంచబోయారు. "కాదత్తయ్యా, ఇవి పారబోయాలి" అన్నాను. "పైపైన తీసేస్తే..." అన్నారు. "కాదు" అన్నాను. వెనక గుంతలో పోసి మట్టి కప్పాం. అత్తయ్య అలా పండ్లు పారబోయడం నేను చూడటం మొదటిసారి. పార పక్కన పెట్టి, "నువ్వు నా కన్నా మొండిదానివే" అన్నారు.

ఇదీ మీరడిగిన మంటకి నా సమాధానం. చాలదనుకుంటే ఒకటో తారీఖున వచ్చి వరండా చూడండి, ఇంకా ఏం మార్చాలో చెప్పండి, మారుస్తాను. కొట్టు మాత్రం మూయనివ్వను. ఆగస్టు వచ్చేసరికి మెత్తటి పళ్ళు అయిపోతాయి, కాయలు, ఎండిన ముక్కలే ఉంటాయి. వాటికి ముక్కుతో పని లేదు, వరండా పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు. అత్తయ్యకి అన్నం వండి పెడతానని పక్కింటావిడ ఒప్పుకుంది. ఆగస్టు, సెప్టెంబరు రెండు నెలలు నేను వస్తాను. గది అప్పటిదాకా ఉంచగలిగితే ఉంచండి. లేకపోతే పడుకుని లారీ నడిపే ఆయన్ని ఎక్కడికైనా పంపండి.

నాకు మీ దగ్గరికి రావాలని ఉంది. రోజూ ఉంది. పొద్దున పళ్ళు ఏరేటప్పుడు ఉంది, మూతలు పెట్టేటప్పుడు ఉంది.

అత్తయ్య పక్కకొచ్చి కూర్చున్నారు. తనూ చెప్తారట, రాయమంటున్నారు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"ఒరేయ్, ఒట్టు నేనే తీసేస్తున్నాను. ఇక ఎవరికైనా చెప్పుకో. తాళం కొన్నావట. మంచిదే, డాబా మీద గదికి తాళం లేదు, ఉడతలు దూరుతున్నాయి, దానికి వేద్దువుగాని. ఓడ తప్పినవి పంపడం మానకు. అంజీరలు మాత్రం పంపకురా, నీకు దణ్ణం పెడతాను. రాశావా? దణ్ణం కొట్టేయ్, వాడు నెత్తికెక్కుతాడు."

కొట్టేయలేదు.

పైన నేనేం రాశానో చదవమన్నారు. చదివాను. మీ మీద కోపం దగ్గర నవ్వారు. హాస్టల్ దగ్గర ఏమీ అనలేదు. మీ దగ్గరికి రావాలని ఉందన్న చోటికి వచ్చేసరికి ఆ మూడు మాటలూ చదవకుండా దాటేసి, పెన్ను పెట్టి కొట్టేయబోయాను. అక్షరాలు రాకపోయినా ఎక్కడ దాటేశానో ఆవిడకి తెలిసిపోయింది. చెయ్యి పట్టుకుని, "ఏం రాశావో నాకు చదవక్కర్లేదు. కానీ ఉండనీ" అన్నారు.

ఉండనిస్తున్నాను.